పటంల మన వాడ ఉన్నదా?

(మంజీర ఒడ్డు ఊర్ల యువకుల కోసం నిజాంసాగర్‌లో జరిగిన ఒక రోజు తరగతిలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. మాట్లాడిన భాషను పెద్దగా మార్చకుండ అచ్చు వేస్తున్నాం.)



నాకిచ్చిన అంశం సునామీ. సునామీ వచ్చినప్పుడు జనాన్ని ఎట్ల తప్పించాలె అన్నది కంప్యూటర్‌తోని లెక్క గట్టే విద్య గురించి మాట్లాడుమన్నరు. అంశం పేరు వినంగనే ఒక తమ్ముడు నవ్విండు. "సార్, బోధన్ నుంచి సముద్రం నాలుగు వందల కిలోమీటర్లకు పైనే ఉంటది. సునామీ మనదాక ఎట్లొస్తది?" అని అడిగిండు. న్యాయమైన ప్రశ్నే. సముద్రం మనదాక రాదు. కాని మన ఊర్ల నెత్తి మీద ఒక సముద్రం నిలబడి ఉన్నది. దాని పేరు నిజాంసాగర్. పూర్తిగ నిండితే 17.8 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు. దాని ఎగువన సింగూరు. అందులో ఇంకో 29.9 టీఎంసీలు.

సునామీల నీళ్లు ఎంత వేగంగ వస్తయి, ఎంత దూరం వస్తయి, ఎవరికి ఎంత టైం దొరుకుతది అని చెప్పే లెక్కా, డ్యాం కింద ఊర్లకు వరద ఎప్పుడొస్తదని చెప్పే లెక్కా ఒక్క కుదురుల నుంచి వచ్చినవే. సెయింట్ వెనాంట్ అనే ఫ్రెంచి ఇంజనీరు 1871లో ఇచ్చిన సమీకరణాల కుటుంబమే రెండిట్లనూ పనిచేస్తది. అందుకే సునామీ గురించి తెలుసుకుంటే మనకు పనికొస్తది.

ముందే ఒక మాట స్పష్టంగ చెప్తున్న. నిజాంసాగర్ కట్ట రేపో మాపో కూలుతదని నేను అనట్లేదు. 1923లో పని మొదలై 1931లో పూర్తయిన కట్ట, ఎన్నో వరదలను చూసింది. భయపెట్టడానికి నేను రాలేదు. ప్రమాదం వస్తే ఎవరు ముందు బయటపడాలె, ఎటు పోవాలె, ఏ దారిన పోవాలె అన్న ప్రణాళికలు ఇప్పుడు కంప్యూటర్ల తయారవుతున్నయి. ఆ ప్రణాళికల మన వాడ ఉన్నదా, లేదా? నా మాట మొత్తం దీని గురించే.

సముద్రం నేర్పిన పాఠం

2004 డిసెంబర్ 26. ఆదివారం, పున్నమి. పొద్దున 6 గంటల 28 నిమిషాలకు ఇండోనేషియా సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూమి కంపించింది. రెండు, రెండున్నర గంటల తర్వాత మన తీరాన్ని నీళ్లు కొట్టినయి. అప్పటి ఆంధ్రప్రదేశ్‌ల వంద మందికి పైగ చనిపోయిండ్రు. తమిళనాడుల వేల మంది పోయిండ్రు. రెండు గంటలంటే తక్కువ టైం కాదు. నడిచి పోయినా బతికేటంత టైం. అయినా జనానికి ఆ కబురు చెప్పినోడు లేడు. చెప్పే ఏర్పాటే దేశంల లేకుండె.

ఆ తర్వాత హైదరాబాద్‌ల ఉన్న ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థల 2007 అక్టోబర్‌ల సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టిండ్రు. అంటే దేశానికంతటికి సునామీ కబురు చెప్పే ఆఫీసు సముద్రం లేని మన తెలంగాణ గడ్డ మీదనే ఉన్నది.

అక్కడ ఏం చేస్తరు? భూకంపం ఎక్కడ వస్తే, ఎంత పెద్దది వస్తే, నీళ్లు ఏ తీరానికి ఎన్ని నిమిషాలల్ల చేరుతయో ముందే వేల రకాల లెక్కలు వేసి దాచి పెట్టుకున్నరు. భూకంపం రాంగనే దానికి దగ్గరున్న లెక్కను బయటికి తీస్తరు. సముద్రం అడుగున పెట్టిన యంత్రాలు, ఒడ్డున నీటి మట్టం కొలిచే యంత్రాలు పంపే సమాచారంతో సరిచూస్తరు.

ఇందులో మాయ ఏమీ లేదు. సముద్రం ఎంత లోతు ఉంటే సునామీ అంత వేగంగ పోతది. నాలుగు వేల మీటర్ల లోతుల గంటకు 700 కిలోమీటర్లు పోతది. ఒడ్డుకొచ్చినకొద్ది వేగం తగ్గుతది, ఎత్తు పెరుగుతది. లోతులన్నీ తెలిస్తే టైం తెలుస్తది. పదో తరగతి పిల్లలకు అర్థమయ్యే సంగతే ఇది. కంప్యూటర్ అంటే దేవుడు కాదు, దయ్యం కాదు. లక్షల కూడికలు, తీసివేతలు రెప్పపాటుల చేసే మిషను. అంతే.

నీళ్ల లెక్క అయినంక మనుషుల లెక్క మొదలైతది. ఊరి పటం మీద ఇండ్లు పెడతరు, బాటలు పెడతరు. ఒక్కొక్క మనిషిని ఒక్కొక్క చుక్క చేస్తరు. ఏ చుక్క ఎప్పుడు ఇల్లు విడుస్తది, ఎంత వేగంగ నడుస్తది, ఏ బాట పడతది, ఏ కల్వర్టు మీద రద్దీ అయితది అని ఆడించి చూస్తరు. చివరికి ఎన్ని చుక్కలు ఎత్తు మీదికి చేరినయి, ఎన్ని నీళ్లల్ల చిక్కినయి అని కంప్యూటర్ చెప్తది. దాన్ని బట్టి బాట వెడల్పు చేయాలన్నా, కొత్త ఆశ్రయం కట్టాలన్నా, సైరన్ పెట్టాలన్నా నిర్ణయం చేస్తరు.

ఇప్పుడు అర్థమైంది కదా? ఆ చుక్కలల్ల మనం లేకపోతే మన బాట వెడల్పు కాదు. మన దగ్గర సైరన్ మోగదు.

డ్యాం కింద మనుషులు

మన తెలుగు నేల మీద మొన్న మొన్న జరిగిన సంగతి చెప్త. 2021 నవంబర్ 19. కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీద ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెల్లవారుజామున కొట్టుకపోయింది. ఎగువన పింఛ ప్రాజెక్టు ముందే దెబ్బతిన్నది. అన్నమయ్య డ్యాంకు ఉన్న అయిదు గేట్లల్ల ఒకటి అంతకు ముందు నుంచే పనిచేస్తలేదు. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊర్ల మీద నీళ్లు పడ్డయి. పదుల మంది ప్రాణాలు పోయినయి. కబురు అందాల్సినంత ముందుగ, అందాల్సినంత గట్టిగ అందలేదు.

నవంబర్ 19 అంటే దివిసీమ ఉప్పెన వచ్చిన రోజు కూడ. 1977ల అదే తారీకున సముద్రం ఊర్ల మీద పడి పది వేల మంది దాక చనిపోయిండ్రు. ఆనాడు కంప్యూటర్ లేదని సరిపెట్టుకున్నం. 2021ల ఏమని సరిపెట్టుకుందాం?

మన దిక్కు చూద్దాం. 2022 జులైల కడెం ప్రాజెక్టుకు గేట్ల తాకతు కన్న ఎక్కువ వరద వచ్చింది. ఒక గేటు తెరుచుకోలేదు. గేట్ల మీది నుంచి నీళ్లు దుంకినయి. కింది ఊర్ల జనాన్ని రాత్రికి రాత్రి ఖాళీ చేయించిండ్రు. 2025 ఆగస్టు చివర కామారెడ్డి, మెదక్ జిల్లాలల్ల ఎన్నడు చూడని వాన పడ్డది. నాగిరెడ్డిపేట మండలంల పోచారం కట్ట మీది నుంచి నీళ్లు పారినయి. కట్ట పక్క మట్టి కోసుకపోయింది. కట్ట నిలబడ్డది గనుక మనం ఈరోజు ఇట్ల కూసోని మాట్లాడుకుంటున్నం. ఆ పోచారం నీళ్లు వచ్చి కలిసేది నిజాంసాగర్‌లనే.

నిజాంసాగర్ సంగతి ఇంకొకటి యాది పెట్టుకోవాలె. కట్టినప్పుడు దాని కడుపు 29.7 టీఎంసీలు. పూడిక నిండి 1970లల్ల 11.8కి పడిపోయింది. తర్వాత నీటి మట్టం పెంచి 17.8కి తెచ్చిండ్రు. కడుపు తగ్గిన చెరువు తొందరగ నిండుతది, తొందరగ నీళ్లు వదలాల్సొస్తది. అందుకే ఒడ్డు ఊర్లకు కట్ట తెగుడు ఒక్కటే ప్రమాదం కాదు. గేట్లెత్తి ఒక్కసారి నీళ్లు వదిలినా ప్రమాదమే. బాన్సువాడ, బీర్కూర్, కోటగిరి, బోధన్ దాటి కందకుర్తి దగ్గర గోదావరిల కలిసే దాక మంజీర ఒడ్డున ఉన్న వాడలన్నిటికి ఇది వర్తిస్తది. కట్టేమో కామారెడ్డి జిల్లా. నీళ్లు పోయేది నిజామాబాద్ జిల్లా. అవతలి ఒడ్డు కొంత మేర మహారాష్ట్ర. ఒక జిల్లా ఆఫీసు ఇంకో జిల్లా ఆఫీసుకు కాగితం పంపేలోపల నీళ్లు ఆగుతయా?

చట్టం ఏమంటున్నది?

ఆనకట్టల భద్రతా చట్టం 2021 డిసెంబర్ 30న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ప్రతి పెద్ద డ్యాం యజమాని, అంటే మనకైతే రాష్ట్ర నీటిపారుదల శాఖ, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక తయారు చేయాలె. చట్టానికి ముందే కట్టిన డ్యాంలకు అయిదేండ్ల గడువు. ఆ గడువు 2026 డిసెంబర్ చివరికి. ప్రమాదం వస్తే ఏ ప్రాంతాలు మునుగుతయి, ఎంత జనాభాకు దెబ్బ తగులుతది, హెచ్చరిక ఎట్ల పంపాలె అన్నవి అందులో ఉండాలె.

ఈ మునక పటాలు ఎట్ల తయారైతయి? అమెరికా సైన్యపు ఇంజనీర్ల దళం తయారు చేసిన హెక్-రాస్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్నది. దాన్ని ఎవరైనా ఉచితంగ తీసుకోవచ్చు. ఇట్లాంటివి ఇంకా ఉన్నయి. నేల ఎత్తుల పటం దానికి ఇస్తరు, డ్యాం కొలతలు ఇస్తరు, కట్ట ఎట్ల తెగుతదో ఊహ ఇస్తరు. ఏ ఊరికి ఎన్ని గంటలకు ఎంత ఎత్తు నీళ్లొస్తయో అది రంగులేసి చూపిస్తది.

ఇంజనీర్లు మన శత్రువులు కారు. ఈ విద్య మనకు మేలు చేసేదే. మన పిల్లలు నేర్చుకోవాల్సిన విద్య. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాక వైస్రాయి కౌన్సిల్‌ల కార్మిక సభ్యుడుగ ఉన్నప్పుడు దామోదర్ లోయ, హిరాకుడ్ లాంటి ప్రాజెక్టుల ప్రణాళికకు పునాది వేసిండు. నదుల గురించి, వరదల గురించి ఇంజనీర్లతో కూసోని మాట్లాడిండు. ఇది మన పని కాదని మనం అనుకుంటే ఆయన చేసిన పనిని మరిచిపోయినట్టే.

కంప్యూటర్‌కు తెల్వనిది

"నీరు పల్లమెరుగు" అంటరు. మరి ఆ పల్లంల ఎవలున్నరు?

మన ఊర్ల కట్టుడే చూడుండ్రి. గడీలు, పెద్దిండ్లు మెరక మీద. వాడ ఊరవతల, చాలా చోట్ల చెరువు మత్తడి కింద, వాగు పక్కన, ఒర్రె పొంటి. నీళ్లు పోయే దారిల మనల్ని కూసోబెట్టింది ప్రకృతి కాదు. కంప్యూటర్ నేల ఎత్తు చదువుతది గనుక నీళ్లు వాడల పడతయని పాపం కరెక్టుగనే చెప్తది. దానికి కులం లేదు. కాని అక్కడ ఎంత మంది ఉన్నరు, ఎట్ల ఉన్నరు, ఎట్ల బయటపడతరు అన్నది మనుషులు ఇచ్చే లెక్క. అక్కడనే మనం మాయమైతం. ఎట్లనో ఒక్కొక్కటి చెప్త.

మొదటిది, పటం. ఉచితంగ దొరికే నేల ఎత్తుల పటాలల్ల చాలా వరకు 30 మీటర్లకు ఒక గడి. అంటే 900 చదరపు మీటర్లకు ఒకటే ఎత్తు. అంత జాగల మన ఇండ్లు పది, పదిహేను పడతయి. వాడ పక్క ఒర్రె, వాడకు ఊరికి నడుమ ఉన్న చిన్న కల్వర్టు, ఇవి ఆ గడిల కలిసిపోతయి. కంప్యూటర్‌కు అక్కడ సాఫు నేల కనపడతది. మనకు నడుము లోతు నీళ్లు కనపడతయి. దగ్గర దగ్గర కొలిచిన మంచి పటాలు ఉంటయి, కాని అవి ఖర్చుతోని కూడిన పని. ఆ ఖర్చు ఎక్కడ పెట్టాలెనో అడిగేటోళ్లు ఉంటేనే పెడతరు.

రెండోది, తలకాయల లెక్క. 2011 జనాభా లెక్కల తర్వాత 2021ల జరగాల్సిన లెక్క జరగలేదు. 2011 తర్వాత పెరిగిన కాలనీలు, పంచిన జాగలల్ల వేసుకున్న ఇండ్లు ఆ పాత లెక్కల లేవు. ఇంకొకటి, జనగణన ఊరికి ఒక మొత్తం ఇస్తది. అందులో షెడ్యూల్డు కులాలోళ్లు ఇంత మంది అని చెప్తది. కాని వాడ ఊరికి ఏ దిక్కున ఉన్నదో చెప్పదు. ఆ మొత్తాన్ని ఊరంతటికి సమానంగ పంచితే పల్లంల ఉన్నోళ్లు సగం మంది పటంల మెరక మీదికి ఎక్కిపోతరు. కాగితం మీద మాత్రమే.

మూడోది, పొట్టకూటికి వచ్చినోళ్లు. శక్కర్‌నగర్‌ల 1937ల పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు చెరకు కొట్టనీకి మహారాష్ట్ర నుంచి కుటుంబాలకు కుటుంబాలు వచ్చేటివి. 2015 డిసెంబర్‌ల ఆ ఫ్యాక్టరీ మూతపడ్డది. ఇంకా చెరకు ఉన్న చోట్లకు కూలీలు వస్తనే ఉన్నరు. వానాకాలం నాట్లకు బీహార్, బెంగాల్ నుంచి ముఠాలు వస్తున్నయి. వాళ్లు దిగేది పొలం గట్టున, కాలువ పొంటి, వాగు ఒడ్డున. వాళ్ల పేర్లు మన ఊరి ఏ రిజిస్టర్ల ఉన్నయి? మన భాష రాని మనిషికి అర్ధరాత్రి ఏ భాషల కబురు చెప్తరు?

నాలుగోది, టైం. ఇది జర మనసు పెట్టి వినుండ్రి. ఒక లెక్క చేద్దాం. ఇది ఊహ లెక్క, ఏ ఊరిదీ కాదు. నీళ్లు ఊరికి చేరడానికి 90 నిమిషాలు పడతదనుకుందాం. డ్యాం మీది ఇంజనీరు నుంచి కలెక్టర్‌కు 15 నిమిషాలు. అక్కడ నుంచి మండలానికి 15. మండలం నుంచి ఊరికి 10. ఊరి నుంచి వాడకు 20. మొత్తం 60 నిమిషాలు అయిపోయినయి. మిగిలింది 30. మెరక జాగ ఒకటిన్నర కిలోమీటరు దూరం ఉన్నది. నిమిషానికి 60 మీటర్లు నడిచే మనిషికి 25 నిమిషాలు పడతది, వాడు బతుకుతడు. నిమిషానికి 30 మీటర్లు నడిచే ముసలవ్వకు 50 నిమిషాలు పడతది. చంకల పిల్ల, చేతుల ఇంకో పిల్ల ఉన్న తల్లి సంగతి ఏంది? తొమ్మిది నెలల కడుపుతో ఉన్న బిడ్డ సంగతి ఏంది?

ఇప్పుడు అదే లెక్కల ఒక్కటి మార్చి చూడుండ్రి. డ్యాం నుంచి కబురు నేరుగ వాడకే వస్తదనుకోండి. 10 నిమిషాలల్ల వచ్చింది. 80 నిమిషాలు మిగిలినయి. ముసలవ్వ కూడ బతికింది. నీళ్లు అవే, దూరం అదే, కాళ్లు అవే. మారింది కబురు దారి ఒక్కటే. కంప్యూటర్ నిజంగ పనికొచ్చేది ఇక్కడనే. ఏది మారిస్తే ఎన్ని ప్రాణాలు నిలుస్తయో ముందే ఆడించి చూపిస్తది. కాని ముసలవ్వ నడకను అందులో పెట్టినోడు ఉండాలె కదా?

అయిదోది, మనుషులు ఇల్లు ఎందుకు విడవరు అన్నది. ఉన్నదంతా ఒక బర్రె, నాలుగు మేకలు అయిన మనిషి వాటిని ఇడిసిపెట్టి ఉరకడు. పెట్టెల ఉన్న పట్టా కాగితం, పిల్లల సర్టిఫికెట్లు తీయకుండ బయటికి రాడు. ఆఫీసర్లు దీన్ని "అజ్ఞానం" అని రాసుకుంటరు. ఇది అజ్ఞానం కాదు. మళ్లీ కొనలేని వస్తువు మీద ఉండే భయం. పశువులకు కూడ ఆశ్రయం ఉన్నదని ముందే చెప్తే ఆ మనిషి పది నిమిషాలు ముందు కదులుతడు. ఈ పది నిమిషాలు కూడ లెక్కల పెట్టాల్సినవే.

పటాన్ని నమ్మాల్నా?

మన లెక్క అందులో చేరినంక కూడ పటాన్ని గుడ్డిగ నమ్మొద్దు. జపాన్ కన్న ఎక్కువ సునామీ పటాలు గీసిన దేశం లేదు. 2011 మార్చి 11న అక్కడ పెద్ద సునామీ వచ్చింది. ఇషినోమాకి పట్టణంల ఒకావా అనే ప్రాథమిక పాఠశాల ఉండె. పటం ప్రకారం ఆ బడి దాక నీళ్లు రావు. బడి వెనుకనే గుట్ట ఉన్నది. భూకంపం వచ్చినంక యాభై నిమిషాల దాక పిల్లలను ఆటస్థలంలనే ఉంచిండ్రు. 74 మంది పిల్లలు, 10 మంది టీచర్లు చనిపోయిండ్రు.

అదే రోజు కమాయిషి పట్టణంల ఇంకో సంగతి జరిగింది. కతాద అనే ప్రొఫెసర్ అక్కడి బడులల్ల ఏండ్ల తరబడి పిల్లలకు నేర్పించిండు. పటంల గీసిన గీతను నమ్మకుండ్రి, ఇంకా ఎత్తుకు పోగలిగితే పోతనే ఉండుండ్రి అని. ఉనోసుమాయి పెద్ద బడి పిల్లలు చెప్పిన జాగకు చేరినంక కూడ ఆగలేదు. పక్క బడి చిన్న పిల్లల చేతులు పట్టుకోని ఇంకా పైకి ఉరికిండ్రు. వాళ్లు దాటిన జాగ తర్వాత నీళ్లల్ల మునిగింది. పిల్లలు బతికిండ్రు.

బడి పంతులుగ ఈ రెండు బడుల సంగతి నాకు నిద్ర పట్టనియ్యదు. రెండు చోట్ల పటం ఉన్నది. ఒక చోట పటం చూసి ఆగిపోయిండ్రు. ఇంకో చోట పటం ఎట్ల తయారైందో తెలిసినోళ్లు గనుక దాన్ని దాటి పోయిండ్రు. పటం అంటే ఒక అంచనా. ఆ అంచనా ఏం ఊహించి వేసిండ్రో ఊరందరికి తెలియాలె. ఆఫీసు బీరువల తాళం వేసి పెడితే అది ప్రాణం కాపాడదు.

మన దగ్గర కూడ ఎత్తు ప్రాణం కాపాడిన కథ ఉన్నది. 1908 సెప్టెంబర్ 28న హైదరాబాద్‌ల మూసీకి వరదలొచ్చి వేల మంది పోయినప్పుడు, ఉస్మానియా ఆస్పత్రి జాగల ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాక బతికిండ్రని చెప్తరు. ఆ చెట్టు ఇప్పటికీ ఉన్నది. దూరం ఉరికే టైం లేనప్పుడు దగ్గర ఉన్న ఎత్తు ఎక్కాలె. ఇప్పుడు కంప్యూటర్ ప్రణాళికలల్ల కూడ ఇదొక పద్ధతి. మరి మన వాడల రెండంతస్తుల బిల్డింగు ఎక్కడున్నది? ఊర్ల ఉన్న మేడ తలుపు అర్ధరాత్రి మన కోసం తెరుచుకుంటదా?

కబురు ఎవరిది? ఆశ్రయం ఎవరిది?

ఒకప్పుడు చెరువు తూము తెరిచి మూసిన నీరడి ఎవరు? మనోడే. ఏ మత్తడి ఎంత దుంకితే ఏ ఒర్రె నిండుతదో, ఏ పొలం ముందు మునుగుతదో నీరడికి తెలిసినంత ఏ పటానికి తెల్వదు. ఊర్ల డప్పు కొట్టి చాటింపు వేసింది ఎవరు? మనోడే. ఊరందరికి కబురు చెప్పిన మనిషికి, తన వాడకు కబురు చెప్పేసరికి పొద్దుగూకేది. 2023ల వీఆర్ఏ వ్యవస్థను రద్దు చేసి, అందులో ఉన్న నీరడులను, మస్కూరులను వేరే వేరే శాఖలల్ల కలిపిండ్రు. నౌకరి భద్రత వచ్చింది, సంతోషమే. కాని ఊరి నీళ్ల జ్ఞానం ఊరు దాటి పోయింది. ఆ జ్ఞానాన్ని రాసి పెట్టుకున్నోళ్లు లేరు.

ఇప్పుడు ఫోన్లకు హెచ్చరికలు వస్తున్నయి. మంచిదే. వాడల ఎన్ని ఇండ్లల్ల ఫోన్ ఆడోళ్ల చేతుల ఉంటది? రాత్రి వానల కరెంటు పోయి చార్జింగ్ అయిపోతే? టవర్ పడిపోతే? ఫోన్ ఉండనియ్యి, సైరన్ ఉండనియ్యి, డప్పు కూడ ఉండాలె. మూడు దారులల్ల ఒకటి పోయినా ఇంకొకటి నిలవాలె. డప్పు కొట్టుడు వెట్టి కావొద్దు. జీతం ఉన్న బాధ్యత కావాలె.

ఇంక ఆశ్రయం. 2004 సునామీ తర్వాత తమిళనాడు నాగపట్నం దిక్కు శిబిరాలల్ల దళితులను పక్కకు నెట్టిండ్రు. నీళ్ల దగ్గర, తిండి దగ్గర వేరు చేసిండ్రు. సాయం పంచేటప్పుడు పడవ పోయినోన్ని బాధితుడు అన్నరు. చేపలు మోసిన కూలి, ఉప్పు మడిల పనిచేసిన కూలి పడవ లేదు గనుక చాలా చోట్ల లిస్టుల లేడు. మానవ హక్కుల సంఘాలు ఇవన్నీ 2005లనే రాసి పెట్టినయి. సముద్రం అందరిని ఒక్కతీరుగ ముంచింది. ఒడ్డుకు చేరినంక కులం మళ్లీ నిలబడ్డది.

అందుకే ఏ ప్రణాళికల అయినా "ఆశ్రయం: ఫలాన గుడి మండపం, ఫలాన పెద్దమనిషి గోదాం" అని రాస్తే మనం అడగాలె. అక్కడికి మన ముసలవ్వ పోగలుగుతదా? కంప్యూటర్ ఆ బిల్డింగుల 200 మంది పడతరని చెప్తది. గడప దాక పోయి ఆగిపోయే మనిషిని అది చూడదు. ప్రభుత్వ బడి, పంచాయతీ బిల్డింగు, గురుకులం లాంటి అందరి హక్కున్న జాగలనే ఆశ్రయంగ పెట్టాలె.

చేస్తే అయితదా అంటే, అయితది. ఒడిశా గంజాం జిల్లా తీరంల చేపలు పట్టే నోలియాలు తెలుగు మాట్లాడే మన భాషోళ్లే. ఆ జిల్లాల వెంకటరాయపూర్ అనే ఊరికి 2020ల యునెస్కో సంస్థ "సునామీకి సిద్ధంగ ఉన్న ఊరు" అని గుర్తింపు ఇచ్చింది. 2024ల ఒడిశాలనే 24 ఊర్లకు ఆ గుర్తింపు వచ్చింది. దానికి 12 కొలమానాలు ఉన్నయి. మునక పటం గీయాలె, తప్పించుకునే దారి బోర్డులు పెట్టాలె, ఊర్ల కమిటీ ఉండాలె, రాత్రి పగలు కబురు అందాలె, కవాతు లెక్క అభ్యాసం చేయాలె. ఇన్‌కాయిస్ లెక్క గట్టింది, ఊరోళ్లు నడిచి చూసిండ్రు. రెండు కలిస్తేనే గుర్తింపు. తీరం ఊర్లల్ల అయిన పని మంజీర ఒడ్డున ఎందుకు కాదు?

మనం చేయాల్సింది

ఉపన్యాసం విని చప్పట్లు కొట్టి పోతే లాభం లేదు. అయిదు పనులు చెప్త. రాసుకోండి.

ఒకటి. ప్రతి వాడల ఇద్దరు చదువుకున్న పిల్లలు, ఒక అక్క, ఒక పాత నీరడి కలిసి ఇంటింటి లెక్క రాయాలె. ఎంత మంది, ముసలోళ్లు ఎంత మంది, నడవలేనోళ్లు ఎవరు, కడుపుతో ఉన్నోళ్లు ఎవరు, పశువులు ఎన్ని, రాత్రి ఎక్కడ పండుకుంటరు. ఆశా అక్క, అంగన్‌వాడీ అక్క దగ్గర సగం లెక్క ఉంటది. పొలం గట్టున దిగిన కూలీలను కూడ రాయాలె.

రెండు. పెద్ద కాగితం మీద వాడ పటం మనమే గీయాలె. పాత వరదల నీళ్లు ఏ గోడ దాక వచ్చినయో పెద్దలను అడిగి గీత పెట్టాలె. ఏ కల్వర్టు ముందు మునుగుతదో రాయాలె. ఫోన్ల అక్షాంశం, రేఖాంశం చూసి పక్కన రాస్తే ఇంజనీరు దాన్ని నేరుగ తన కంప్యూటర్‌ల వేసుకోవచ్చు.

మూడు. మెరక జాగ దాక నడిచి చూడాలె. పగలు ఒకసారి, చీకట్ల ఒకసారి. ముసలవ్వను తోలుకోని ఒకసారి. ఎన్ని నిమిషాలు పట్టిందో రాయాలె. ఆ నిమిషాలే మన సాక్ష్యం.

నాలుగు. 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టాలె. నిజాంసాగర్ అత్యవసర ప్రణాళిక, మునక పటం తయారైతే కాపీ ఇయ్యాలె, కాకపోతే ఎప్పటికి అయితదో చెప్పాలె అని. అందులో మన ఊరికి జనాభా ఎంత రాసిండ్రు, ఏ ఏడాది లెక్క వాడిండ్రు, ఆశ్రయం ఏది పెట్టిండ్రు అని అడగాలె. దాన్ని తెలుగుల గ్రామసభల చదివించాలె. ఇంగ్లీషుల ఉన్న ప్రణాళిక వాడ ప్రాణం కాపాడదు.

అయిదు. మన లెక్కకు, వాళ్ల లెక్కకు తేడా ఉంటే రాతపూర్వకంగ తహసీల్దార్‌కు, కలెక్టర్‌కు, నీటిపారుదల శాఖ ఇంజనీరుకు ఇచ్చి రసీదు తీసుకోవాలె. నోటితో చెప్పుడు వద్దు. రేపు ఏదైన జరిగితే "మాకు తెల్వదు" అనే మాట వాళ్ల నోట రావద్దు.

తమ్ముండ్లారా, చెల్లెండ్లారా, 1927ల మహాద్‌ల మనం చెరువు దగ్గరికి పోయింది నీళ్లు తాగే హక్కు కోసం. ఈరోజు అదే నీళ్ల నుంచి బతికి బయటపడే హక్కు అడుగుతున్నం. రెండూ మనిషిగ లెక్కల ఉండే హక్కే. వాళ్లు లెక్క వేసేదాక ఆగొద్దు. రేపు ఆదివారం మీ వాడల మొదటి ఇంటి నుంచి లెక్క రాసుడు మొదలు పెట్టుండ్రి. నోటుబుక్కులు నేను తెస్త.

జై భీం.